తెర మీది వెలుగు

ఎలక్ట్రాన్ పుంజం నాణ్యత గురించి చదివినవాడిని, లెక్కలు కట్టినవాడిని, కొత్తగా చేరిన పిల్లలకు పాఠం చెప్పినవాడిని. అయినా ఒక యంత్రం దగ్గర కొన్ని వారాలపాటు మంచి పుంజాన్ని నా చేతులతో నేనే పాడుచేసి, అది బాగుపడుతోందని లాగ్‌బుక్‌లో రాసుకున్నాను. తప్పు పక్క గ్రూపుదని మీటింగుల్లో వాదించాను కూడా. ఆ యంత్రం ఎక్కడిదో ఇక్కడ అనవసరం. అదొక ఎక్స్‌-కిరణాల ఫ్రీ ఎలక్ట్రాన్ లేజర్, నేను దాని ఇంజెక్టర్ వైపు, అంటే ఎలక్ట్రాన్ పుంజం పుట్టే మొదటి భాగంలో, పనిచేసేవాడిని. అంకెలు చెప్పాల్సిన చోట కాలిఫోర్నియాలోని స్లాక్ ప్రయోగశాలలో ఉన్న ఎల్‌సీఎల్‌ఎస్ అనే అలాంటి యంత్రపు అంకెలు వాడతాను. అవి ప్రచురితమైనవి, ఎవరైనా సరిచూసుకోవచ్చు.

ఈ లేజరులో కాంతి పుట్టేది స్ఫటికంలోనో వాయువులోనో కాదు. దాదాపు కాంతి వేగంతో పరిగెత్తే ఎలక్ట్రాన్ల గుంపు నుంచి పుడుతుంది. ఆ గుంపును అన్‌డ్యులేటర్ అనే పొడవాటి అయస్కాంతాల వరసలోకి పంపుతాం. అందులో ఉత్తర, దక్షిణ ధ్రువాలు మార్చి మార్చి పేర్చి ఉంటాయి కనుక ఎలక్ట్రాన్ అటూ ఇటూ ఊగుతూ పోతుంది. ఊగినప్పుడల్లా కాంతి విడుస్తుంది. స్టాన్‌ఫర్డ్‌లో జాన్ మేడీ 1971లో ఈ ఊహను సిద్ధాంతంగా ప్రచురించాడు. 1977కల్లా ఆయన బృందం పరారుణ కాంతిలో దాన్ని నడిపి చూపింది. అక్కడ రెండు అద్దాల మధ్య కాంతి మళ్లీ మళ్లీ తిరుగుతూ పెరిగేది. ఎక్స్‌-కిరణాలను అలా ఎదురుగా తిప్పికొట్టే అద్దాలు అంత తేలిగ్గా దొరకవు. కాబట్టి పెరగాల్సిందంతా ఒక్క దాటులోనే పెరగాలి.

ఎలా పెరుగుతుందంటే, ఎలక్ట్రాన్లు విడిచిన కాంతే వాటిని నెడుతుంది. కొన్నిటికి కాస్త శక్తి ఇస్తుంది, కొన్నిటి నుంచి కాస్త తీసుకుంటుంది. వేగం పుంజుకున్నవి ముందున్నవాటిని అందుకుంటాయి, మందగించినవి వెనకబడతాయి. చెల్లాచెదురుగా ఉన్న గుంపు కొంత దూరం పోయేసరికి ఒక్కో తరంగదైర్ఘ్యం ఎడంలో పలచటి పొరలుగా సర్దుకుంటుంది. సర్దుకున్నవి ఒకే తాళంలో కాంతి విడుస్తాయి. ఆ కాంతి పొరల్ని ఇంకా బిగిస్తుంది, బిగిసిన పొరలు ఇంకా కాంతినిస్తాయి. విడివిడిగా ఉన్నప్పుడు కాంతి ఎలక్ట్రాన్ల సంఖ్యను బట్టి ఉంటుంది. తాళం కలిశాక ఆ సంఖ్య వర్గాన్ని బట్టి ఉంటుంది. ఒక గుత్తిలో, అంటే ఒకసారి పంపే గుంపులో, వంద కోట్లకు పైగా ఎలక్ట్రాన్లు ఉంటాయి కాబట్టి ఈ తేడా ఎంతటిదో ఊహించుకోవచ్చు. సంఖ్య వర్గాన్ని బట్టి అన్న మాటను కాస్త గుర్తుంచుకోండి. నేను మరిచిపోయింది సరిగ్గా దీన్నే.

2009 ఏప్రిల్‌లో ఎల్‌సీఎల్‌ఎస్ 1.5 ఆంగ్‌స్ట్రామ్ తరంగదైర్ఘ్యం దగ్గర లేజరుగా వెలిగింది. ఎలక్ట్రాన్ల శక్తి 13.6 గిగా ఎలక్ట్రాన్ వోల్టులు, గరిష్ఠ కరెంటు దాదాపు 3,000 ఆంపియర్లు. అన్‌డ్యులేటర్‌లో అయస్కాంతాల ఊపు 3 సెంటీమీటర్లకోసారి తిరిగి మొదలవుతుంది, మొత్తం అయస్కాంతాల పొడవు వంద మీటర్ల పైమాటే. కాంతి దాదాపు 3.5 మీటర్లకోసారి 2.7 రెట్లు పెరుగుతూ, అరవై మీటర్ల దగ్గర నిండుకు చేరింది. ఆ 3.5 మీటర్లనే గెయిన్ లెంగ్త్ అంటాం. పుంజం చెడేకొద్దీ ఇది పెరుగుతుంది. అన్‌డ్యులేటర్ పొడవు మాత్రం మారదు. గెయిన్ లెంగ్త్ బాగా పెరిగితే నిండుకు చేరకుండానే దారి అయిపోతుంది. ఘాతంలో పెరిగే వ్యవహారం కనుక అప్పుడు పుంజంలోని లోపం చివర్లో కాంతిని పదో వంతుకో వందో వంతుకో దించేయగలదు.

పుంజం నుంచి మేం కోరేవి ప్రధానంగా మూడు. కరెంటు ఎక్కువ కావాలి. గుంపులోని ఎలక్ట్రాన్ల శక్తుల్లో తేడా, అంటే ఎనర్జీ స్ప్రెడ్, తక్కువ ఉండాలి. ఎమిటెన్స్ తక్కువ ఉండాలి. గుంపు ఎంత వెడల్పుగా ఉంది, ఎంత కోణంలో చెదురుతోంది అనే రెండిటినీ కలిపి చెప్పే కొలత ఎమిటెన్స్. అయస్కాంత కటకాలతో వెడల్పు తగ్గిస్తే కోణం పెరుగుతుంది, కోణం తగ్గిస్తే వెడల్పు పెరుగుతుంది. రెండూ కలిపి తగ్గించే కటకం లేదు. వలయాకారపు స్టోరేజి రింగులో ఎలక్ట్రాన్లు లక్షల సార్లు తిరుగుతాయి కాబట్టి కాంతి విడుస్తూ క్రమంగా సర్దుకుంటాయి. లీనియర్ యాక్సిలరేటర్‌లో ఎలక్ట్రాన్ ఒక్కసారే పోతుంది, దానికంత వ్యవధి ఉండదు. ఎలక్ట్రాన్లను పుట్టించే ఫొటోకాథోడ్ గన్ దగ్గర చెడినదాన్ని కిలోమీటరు అవతల బాగుచేసే ఉపాయం మా దగ్గర లేదు.

నేను ఈ రంగంలోకి వచ్చింది పరారుణ లేజర్ల లెక్కలతో. మనదేశంలో ఇండోర్‌లోని రాజా రామన్న సెంటర్‌లో ఉన్నది ఆ జాతి యంత్రమే. ఎమిటెన్స్ తరంగదైర్ఘ్యాన్ని 4π తో భాగిస్తే వచ్చేదాన్ని మించకూడదనేది మా రంగంలో మొదట నేర్పే నియమం. 25 మైక్రాన్ల పరారుణ కాంతికి, 20 మెగా ఎలక్ట్రాన్ వోల్టుల పుంజానికి ఈ నియమం వేసి చూడండి. పుంజం శక్తి ఎలక్ట్రాన్ నిశ్చల శక్తికి ఎన్ని రెట్లో ఆ సంఖ్యతో గుణించి సాధారణీకరించిన ఎమిటెన్స్ దాదాపు 80 మైక్రాన్ల వరకూ ఉండొచ్చు. అదే నియమం ఎల్‌సీఎల్‌ఎస్‌కి వేస్తే 0.3 మైక్రాన్ వస్తుంది. అక్కడ నిజంగా సాధించింది 0.4, 0.5 ప్రాంతం. ఈ నియమం కచ్చితమైన గీత కాదు, కొంచెం దాటినా లేజరు నడుస్తుంది, గెయిన్ కాస్త తగ్గుతుంది, అంతే. అయినా 80 ఎక్కడ, 0.3 ఎక్కడ! పరారుణ యంత్రం ఎన్నో తప్పుల్ని క్షమిస్తుంది. అక్కడ కాంతి తగ్గితే గుత్తిలోని ఛార్జి పెంచుతాం, పెరుగుతుంది. ఆ అలవాటుతోనే నేను ఎక్స్‌-కిరణాల యంత్రం దగ్గరికి వెళ్లాను.

అక్కడా మొదట ఛార్జే పెంచాను. గెయిన్‌ని నిర్ణయించే రో అనే సంఖ్య కరెంటు ఘనమూలాన్ని బట్టి పెరుగుతుంది. కరెంటు రెట్టింపు చేస్తే 26 శాతం లాభం, కాగితం మీద. కాథోడ్ నుంచి అప్పుడే బయటపడిన ఎలక్ట్రాన్లు ఇంకా నెమ్మదిగానే ఉంటాయి, ఒకదాన్నొకటి గట్టిగా వికర్షించుకుంటాయి. ఛార్జి పెరిగితే ఆ వికర్షణ పెరుగుతుంది, ఎమిటెన్స్ చెడుతుంది. తర్వాత గుత్తిని నొక్కి పొట్టి చేసే కంప్రెసర్‌లో ఇంకో చిక్కు. అక్కడ పుంజం వంకర దారిన పోతుంది, తోక భాగం విడిచిన కాంతి మాత్రం తిన్నగా అడ్డంపడి పోయి తల భాగాన్ని అందుకుని దాని శక్తిని మారుస్తుంది. గుత్తి ఎంత పొట్టిదైతే ఈ బాధ అంత ఎక్కువ. కాంతి తగ్గింది. ఇది ఇంజెక్టర్ దగ్గరికి వచ్చిన ప్రతివాడూ ఒకసారి చేసే పనే, దీన్ని చెప్పుకోవడానికి నాకేం మొహమాటం లేదు.

ఆ తర్వాత ఎమిటెన్స్ వెంటపడ్డాను. అప్పట్లో రోజూ తేలిగ్గా కొలవగలిగేది గుత్తి మొత్తానికి కలిపిన ఎమిటెన్స్. లేజరుకి కావాల్సింది అది కాదు. ఎల్‌సీఎల్‌ఎస్ గుత్తి పొడవు సుమారు 25 మైక్రాన్లు. అన్‌డ్యులేటర్‌లో కాంతి ఒక్కో ఊపుకి ఒక తరంగదైర్ఘ్యం చొప్పున ఎలక్ట్రాన్లకంటే ముందుకు జారుతుంది. మూడున్నర వేలకు పైగా ఊపులు కలిపినా ఆ జారుడు అర మైక్రాన్ కొంచెం దాటుతుంది, అంతే. అంటే గుత్తి తోకలో పుట్టిన కాంతికి తల భాగం ఎలా ఉందో చివరిదాకా తెలియనే తెలియదు. అర మైక్రాన్ మందపు ముక్కలు దేనికదే విడి లేజరుగా పనిచేస్తాయి. ప్రతి ముక్కా సన్నగా ఉండి, ముక్కలు మాత్రం పక్కకి జరిగిన పేకదస్తాలా ఉంటే, మొత్తం ఎమిటెన్స్ అన్యాయంగా కనిపిస్తుంది, లేజరు మాత్రం తగుమాత్రంగా నడుస్తుంది. నేను గన్ దగ్గరి సోలెనాయిడ్ తిప్పి, కంప్రెషన్ సడలించి, దస్తాని అందంగా సర్దాను. మొత్తం అంకె తగ్గింది. ముక్కల్లో కరెంటూ తగ్గింది. గ్రాఫు మీటింగులో అందరికీ చూపించాను, బాగుందన్నారు. ఎక్స్‌-కిరణాల మీటరు మాత్రం ఒప్పుకోలేదు.

ఇక అసలు సంగతి, లేజర్ హీటర్.

ఫొటోకాథోడ్ గన్ నుంచి వచ్చే పుంజంలో ఎనర్జీ స్ప్రెడ్ చాలా తక్కువ, కొద్ది కిలో ఎలక్ట్రాన్ వోల్టులే. శక్తిలో తేడా తక్కువ ఉండాలని మూడో తరగతి ఎక్కం చెప్పినట్టు చెప్పేవాళ్లం మేమంతా. అలాంటిది యంత్రం మొదట్లోనే ఒక పరారుణ లేజరు కిరణాన్ని పుంజంతో పాటు ఓ బుల్లి అన్‌డ్యులేటర్‌లోకి పంపి, పనిగట్టుకుని ఆ తేడాను పెంచుతాం. ఎల్‌సీఎల్‌ఎస్‌లో సుమారు 20 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల దాకా పెంచుతారు. సాల్డిన్, ష్నైడ్‌మిల్లర్, యుర్కోవ్ అనే ముగ్గురు ఈ ఉపాయం సూచించారు. ఆ పత్రం నేను చదివాను. అర్థమైందనే అనుకున్నాను. యంత్రం ముందు కూర్చున్నప్పుడు మాత్రం బుద్ధి ఎదురుతిరిగింది. చేతికొచ్చిన శుభ్రమైన పుంజాన్ని ఎవడైనా మురికి చేస్తాడా? ఒక రాత్రి షిఫ్టులో హీటర్ లేజరు షట్టర్ మూసేశాను.

ఇంజెక్టర్ స్పెక్ట్రోమీటర్‌లో పుంజం గీత సన్నబడింది. అనుకున్నదే. రెండో కంప్రెసర్ తర్వాత ఒక పలచటి లోహపు రేకు ఉంటుంది. పుంజం దాన్ని దాటుతున్నప్పుడు పుట్టే కాంతిని కెమెరాతో చూసి పుంజం ఆకారం తెలుసుకుంటాం. హీటర్ మూయగానే ఆ తెర మీది చుక్క ధగధగా వెలిగింది. చుట్టూ వలయాలు కూడా వచ్చాయి. అంత వెలుగు నేనెప్పుడూ చూడలేదు. పుంజం బిగిసిందని, హీటర్ ఇన్నాళ్లూ దాన్ని చెడగొడుతూ వచ్చిందని తీర్మానించాను. లాగ్‌బుక్‌లో అలాగే రాశాను. ఎక్స్‌-కిరణాలు పడిపోయినందుకు కారణం అన్‌డ్యులేటర్‌లో పుంజం దారి వంకరపోయి ఉంటుందని కింద ఇంకో వాక్యం చేర్చాను. దానికి ఆధారమేమీ లేదు, నా వైపు అంకెలన్నీ బాగున్నాయన్న నమ్మకం తప్ప.

అన్‌డ్యులేటర్ గ్రూపు వాళ్లు ఆ మాట పట్టుకుని పుంజంతోనే వరసను సరిచూసే పని మళ్లీ మొదలుపెట్టారు. ఎక్స్‌-కిరణాల యంత్రంలో ఎలక్ట్రాన్ల దారి పదుల మీటర్ల పొడవునా కొద్ది మైక్రాన్ల లోపల తిన్నగా ఉండాలి. దాన్ని సరిచూడటం గంటలతో పోయే పని కాదు. ఏమీ తేలలేదు. నేను మళ్లీ సరిచూడమన్నాను. వాళ్ల గ్రూపు పెద్దావిడ నన్నేమీ అనలేదు. మీటింగులో మాత్రం మా వైపు ఏమైనా మార్చారా అని అడిగింది. మార్చిందల్లా మంచికే అన్నట్టు సమాధానం చెప్పాను.

మా గ్రూపులో వరంగల్ వైపు నుంచి వచ్చిన కుర్రాడొకడు పీహెచ్‌డీ చేస్తుండేవాడు. కంట్రోల్ రూములో మేమిద్దరమే ఉన్నప్పుడు తెలుగులో మాట్లాడుకునేవాళ్లం. తెర బొమ్మలు వరసగా పెట్టుకుని చాలాసేపు చూసి అడిగాడు:

"అన్నా, హీటర్ మూసినప్పుడు ఛార్జి మార్చినవా?"

"లేదు."

"కెమెరా?"

"అదీ లేదు."

"మరి ఎలక్ట్రాన్లు అన్నే ఉన్నయ్ గదా అన్నా, వెలుగెట్ల పెరిగింది?"

కెమెరా గెయిన్ ఇంకోసారి చూసుకో అన్నాను. ఆ మాట ఎంత తేలిగ్గా అన్నానో ఇప్పటికీ గుర్తుంది. వాడడిగింది రెండు పంక్తుల లెక్క. ఎలక్ట్రాన్లు తాళం లేకుండా ఉంటే రేకు మీది కాంతి వాటి సంఖ్యను బట్టే ఉండాలి. సంఖ్య మారలేదు. చుక్క చిన్నదైతే వెలుగు ఒకచోట పోగవుతుందే తప్ప మొత్తం పెరగదు. కెమెరాలో మొత్తం పెరిగింది. అంటే ఎలక్ట్రాన్లు ఎక్కడో పొరలు కట్టాయి, కాంతి సంఖ్య వర్గాన్ని బట్టి వస్తోంది. ఏ పొరలు కట్టడం మీద మా లేజరంతా నిలబడి ఉందో, ఆ పొరలే రాకూడని చోట, రాకూడని తరంగదైర్ఘ్యంలో వచ్చాయి. తెర మీద కనిపించింది పుంజం ఆకారం కాదు, ఆ పొరల అల్లరి.

ఎల్‌సీఎల్‌ఎస్ వాళ్లు 2007లో ఇంజెక్టర్ మొదటిసారి నడిపినప్పుడే ఈ సంగతి గమనించి ప్రచురించారు. అలాంటి తెరల్ని నమ్మడం మానేసి, పుంజానికి అడ్డంగా సన్నటి తీగ జరుపుతూ కొలిచే వైర్ స్కానర్ల మీద ఆధారపడ్డారు. హీటర్ బిగించి వాడటం మొదలుపెట్టింది 2009లో. ఇదంతా నాకు తెలుసు. తెలిసిన విషయం నా యంత్రం మీద జరుగుతుంటే పోల్చుకోలేకపోయాను. ఎందుకంటే తెర మీద వెలుగు పెరగాలని నేను కోరుకుంటున్నాను, అది పెరిగింది.

కుర్రాడు కెమెరా చూసుకోలేదు. నన్నడక్కుండా వైర్ స్కానర్ నడిపాడు. తీగ చెప్పిన పుంజం, తెర చూపిన చుక్కకంటే వెడల్పుగా ఉంది. తర్వాత పుంజాన్ని నిలువుగా నెట్టి సమయాన్ని ఎత్తుగా పరిచి చూపే డిఫ్లెక్టింగ్ కేవిటీతో, శక్తిని అడ్డంగా పరిచే స్పెక్ట్రోమీటరును కలిపి ఒక బొమ్మ తీశాడు. ఇంజెక్టర్ దగ్గర అంత సన్నగా ఉన్న గీత చివర్లో పళ్లు పళ్లుగా చీలి, లావెక్కి ఉంది. హీటర్ తెరిచి మళ్లీ తీశాడు. గీత నునుపుగా ఉంది, సన్నగా ఉంది. మొదట్లో మురికి చేసిన పుంజమే చివరికి శుభ్రంగా మిగిలింది.

కారణం చెప్పుకోవాలంటే, గుత్తి పొడవునా కరెంటులో ఎప్పుడూ చిన్న చిన్న హెచ్చుతగ్గులుంటాయి. ఒత్తుగా ఉన్నచోట వికర్షణ ఎక్కువ, అది ముందున్నవాటి శక్తిని పెంచుతుంది, వెనకున్నవాటిది తగ్గిస్తుంది. కంప్రెసర్ పనే శక్తి తేడాను స్థానం తేడాగా మార్చడం. కాబట్టి ఆ చిన్న హెచ్చుతగ్గులు కంప్రెసర్‌లోంచి పెద్దవై బయటికొస్తాయి, రెండో కంప్రెసర్‌లో ఇంకా పెద్దవవుతాయి. ఎలక్ట్రాన్ల శక్తుల్లో ముందే కొంత చెదురు ఉంటే, కంప్రెసర్‌లో అవి ఒకదాని మీదికొకటి జరిగి ఆ హెచ్చుతగ్గులు చెరిగిపోతాయి. చెదురు లేని పుంజంలో చెరిపేదే లేదు.

మరి హీటర్ పెంచిన తేడా లేజరుకి ఎక్కువైపోదా అంటే, దానికీ లెక్కుంది. అది వేసుకోకుండానే షట్టర్ మూశాను. ఎల్‌సీఎల్‌ఎస్‌లో కరెంటు 30, 40 ఆంపియర్ల నుంచి 3,000 దాకా పెరుగుతుంది, అంటే ఎనభై తొంభై రెట్ల కంప్రెషన్. 20 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల తేడా అదే నిష్పత్తిలో పెరిగి 1.7 మెగా ఎలక్ట్రాన్ వోల్టుల దరిదాపుకి వస్తుంది. 13.6 గిగాలో అది పదివేలలో ఒక వంతు కొంచెం పైన. రో అక్కడ దాదాపు పదివేలలో ఐదు వంతులు. తేడా రో కంటే బాగా తక్కువ ఉంటే చాలు, ఇంకా ఇంకా తగ్గించినందువల్ల లేజరుకి ఒరిగేది దాదాపు ఏమీ ఉండదు. ఆ ఏమీ కాని లాభం కోసం నేను మొత్తం పుంజాన్ని పణంగా పెట్టాను.

మర్నాటి మీటింగులో లాగ్‌బుక్ తెరిచి, ఏ రాత్రి షట్టర్ మూశానో, అన్‌డ్యులేటర్ మీద అనుమానం ఎప్పుడు రాశానో వరసగా చూపించాను. పెద్దావిడ విని, హీటర్ సెట్టింగు ఇక నుంచి అందరికీ కనిపించే తెర మీద ఉంచమంది. వాళ్ల వాళ్లకి పోయిన రాత్రుల సంగతి ఎత్తలేదు. నేను ఎత్తబోతే, పని చూద్దాం పదండి అంది.

తర్వాత కుర్రాడూ నేనూ కలిసి హీటర్ శక్తిని సున్నా నుంచి మెల్లగా పెంచుతూ ఎక్స్‌-కిరణాల శక్తిని గీశాం. పెరిగింది, ఒకచోట శిఖరానికి చేరింది, మళ్లీ దిగింది. ఎడమ వైపు వాలు పొరల వల్ల, కుడి వైపు వాలు హీటర్ అతి వల్ల. ఇప్పటికీ కొత్తవాళ్లొస్తే ముందు ఈ గ్రాఫే గీయమంటాను. పుంజం గురించి వంద స్లైడ్లు చెప్పలేనిది అందులో ఉంది. దాంతోపాటు ఇంజెక్టర్‌లో ఏం మార్చినా, ఇంజెక్టర్ అంకెలతో ఊరుకోకుండా అన్‌డ్యులేటర్ చివరి కాంతిని అదే పేజీలో రాయమంటాను. రెండూ ఎదురెదురు దిశల్లో పోతే లాగ్‌బుక్‌లో కారణం రాయకూడదు, ప్రశ్న రాయాలి. ఇది నేను పెట్టిన నియమం, కొందరికి చాదస్తంగా ఉంటుంది.

ఇప్పుడు ఆ కుర్రాడు ఇంకో యంత్రం దగ్గర పుంజం బాధ్యత చూస్తున్నాడు. యంత్రాలూ మారాయి. స్లాక్‌లో అతివాహక యాక్సిలరేటర్‌తో కొత్త లేజరు 2023లో మొదటి కాంతినిచ్చింది, సెకనుకి పది లక్షల పల్సుల దాకా పోగల యంత్రమది. ట్యూనింగ్‌లో చాలా భాగం ఇప్పుడు కంప్యూటరే చేస్తోంది. పల్సు శక్తిని పెంచమని చెప్పి వదిలేస్తే, మనిషికంటే తొందరగా శిఖరం పట్టుకుంటుంది. మొన్న ఫోనులో ఆ మాటే వచ్చింది. నా గ్రాఫు శిఖరం దగ్గర హీటరుని నిలిపితే సరిపోతుంది కదా అన్నాను.

"అన్నిసార్లు గాదన్నా," అన్నాడు. "ఒకే రంగు కాంతిని విత్తనంగ ఏసి సీడింగ్ చేసేటప్పుడు స్పెక్ట్రం చూస్తే, శిఖరం పక్కన పొరల మిగులు ఇంకా కనపడ్తది. శక్తి కొంచెం పోయినా సరే, హీటర్ ఇంకింత పెంచాల్సొస్తది. మళ్ల ఇంకొకాయనకు స్పెక్ట్రంతో పని లేదు, ఫోటాన్లు ఎక్కువుంటే చాలంటడు. ఆయనకు వేరే సెట్టింగు."

ఆ రెండు సెట్టింగుల గ్రాఫులూ పంపమన్నాను. వైర్ స్కానర్ డేటా కూడా జతచేసి పంపాడు, నేనడక్కముందే.